భద్రతా సదస్సుకు ప్రసంగ ప్రతిపాదన రాయడం ఎలా?

తిరుపతి, చిత్తూరు, శ్రీసిటీ ప్రాంతాల్లో చదువుతున్న విద్యార్థులు, చెన్నైలోనో బెంగళూరులోనో ఉద్యోగం చేస్తూ పండుగలకు ఊరికి వచ్చే యువకులు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఒకటుంది: “నా దగ్గర చెప్పదగ్గ విషయం ఉందన్నా, కాన్ఫరెన్స్ వాళ్లను ఎట్ల అడగాల?” ఒక్కొక్కరికీ విడిగా చెప్పడం కన్నా ఒకచోట రాసిపెట్టడం మేలనిపించి ఇది రాస్తున్నాను. కంప్యూటర్ భద్రతా సదస్సుల నిర్వాహకులు ప్రసంగాల కోసం కొన్ని నెలల ముందే పిలుపు ఇస్తారు; దాన్ని ఈ రంగంలో అందరూ సీఎఫ్‌పీ అనే పిలుస్తారు. ఆ పిలుపుకు మీరు పంపే రెండు మూడు పేజీల జవాబే ప్రతిపాదన. మిమ్మల్ని ఎన్నడూ చూడని కొందరు సమీక్షకులు ఆ పేజీలను చదివి, మీకు వేదిక ఇవ్వాలా వద్దా అని నిర్ణయిస్తారు.

పనిలో పస ఉండి కూడా వెనక్కి వచ్చిన ప్రతిపాదనల్లో నాకు ఎక్కువగా కనిపించిన లోపం, ఫలితాన్ని వేదిక మీదే చెబుదామని దాచుకోవడం. నా మొదటి ప్రతిపాదన కూడా సినిమా ట్రైలరు లాగే ఉండేది. మీరు కనుగొన్నదేమిటో ఎక్కడా రాయలేదే అని ఒకే ఒక్క వాక్యం జవాబుగా వచ్చింది. అప్పుడు కోపం వచ్చింది కానీ, ఇప్పుడు ఆ కాగితం తీసి చదువుకుంటే ఆ సమీక్షకుడి ఓర్పే గొప్పదనిపిస్తుంది.

చెప్పేది గాలిలో ఉండకుండా ఒక ఉదాహరణను చివరిదాకా పట్టుకుని వెళ్దాం. తిరుమల దర్శనం టికెట్లు, గదులు ఇప్పిస్తామంటూ డబ్బు గుంజే నకిలీ వెబ్‌సైట్ల గురించి టీటీడీ భక్తులను పలుమార్లు హెచ్చరించింది. అలాంటి సైట్లను అవి పుట్టిన రోజే పసిగట్టే పద్ధతిని ఒక విద్యార్థిని తయారుచేసిందనుకుందాం. సైటు చిరునామా హెచ్‌టీటీపీఎస్‌తో మొదలవ్వాలంటే దానికి ఒక సర్టిఫికెట్ ఉండాలి. 2018 ఏప్రిల్ 30 తర్వాత జారీ అయిన సర్టిఫికెట్లు సర్టిఫికెట్ ట్రాన్స్‌పరెన్సీ అనే బహిరంగ చిట్టాల్లో నమోదై ఉండాలని క్రోమ్ బ్రౌజర్ నియమం పెట్టింది. కాబట్టి కొత్తగా సర్టిఫికెట్ తీసుకున్న సైటు పేరును ఆ చిట్టాల్లో ఎవరైనా చూడవచ్చు. ఆమె చేసిన పనల్లా ఆ చిట్టాలను రోజూ చదివి, అనుమానాస్పదమైన పేర్లను వేరుచేయడమే. ఈ పనిని సదస్సుకు ఎలా ప్రతిపాదించాలో చూద్దాం.

ముందుగా సమకూర్చుకోవలసినవి

• మీరు స్వయంగా చేసిన పని, దాని ఆధారాలు: లాగ్ ఫైళ్లు, స్క్రీన్‌షాట్లు, ప్రోగ్రాము, ఏ రోజు ఏం చేశారో రాసుకున్న దినచర్య. దినచర్య లేకపోతే ఈ రోజే మొదలుపెట్టండి. తేదీలు తర్వాత గుర్తుకు రావు.
• సదస్సు వారి సీఎఫ్‌పీ పేజీ, గత రెండేళ్ల కార్యక్రమ పట్టిక.
• ఉద్యోగులైతే కంపెనీ నుంచి, విద్యార్థులైతే గైడ్ నుంచి రాతపూర్వకమైన అనుమతి. నోటిమాట చాలదు.
• చదివిపెట్టేవారు ఇద్దరు: ఒకరు ఈ రంగం తెలిసినవారు, మరొకరు కంప్యూటర్ వాడతారు గానీ భద్రత గురించి తెలియనివారు.
• కనీసం మూడు వారాల వ్యవధి. రాయడానికి మూడు రోజులు చాలు. మిగిలిన సమయమంతా అనుమతులకు, తిరగరాయడానికి పడుతుంది.

1. సరైన సభను ఎంచుకోండి

మొదటిసారే లాస్ వేగాస్‌కు గురిపెట్టేవారు మన దగ్గర తక్కువేమీ కాదు. పేరుమోసిన భద్రతా సదస్సులు డెఫ్‌కాన్ 1993లో, బ్లాక్ హ్యాట్ 1997లో అక్కడే మొదలయ్యాయి; ఈ రెండింటికీ ప్రపంచమంతటి నుంచి ప్రతిపాదనలు వస్తాయి. పంపడం తప్పు కాదు కానీ, అంతకన్నా దగ్గర మెట్లున్నాయి. నల్ అనే భద్రతా సముదాయం మన దేశంలోని పలు నగరాల్లో ఉచితంగా సమావేశాలు నడుపుతుంది. దాడి మెలకువలను చేతులతో చేయించే కూటమిని వాళ్లు హమ్లా అనీ, రక్షణ మెలకువలు నేర్పేదాన్ని బచావ్ అనీ పిలుస్తారు. సాఫ్ట్‌వేర్ భద్రత కోసం పనిచేసే ఒవాస్ప్ అనే సంస్థ నగర శాఖల సమావేశాలూ ఇలాంటివే. హైదరాబాద్ సమావేశమైతే తిరుపతిలో సాయంత్రం నారాయణాద్రి ఎక్కి తెల్లవారేసరికి దిగవచ్చు; చెన్నైకి ఉదయం బస్సు చాలు.

ఆ తర్వాతి మెట్టు బీసైడ్స్ సభలు. 2009లో బ్లాక్ హ్యాట్‌కు వచ్చిన మంచి ప్రతిపాదనలు చాలా తిరస్కరణకు గురైనప్పుడు, వాటికి చోటివ్వడం కోసమే ఈ సభలు పుట్టాయి కాబట్టి కొత్తవారిని అవి ఆదరిస్తాయి. గోవాలో 2010లో మొదలైన నల్‌కాన్, కేరళ పోలీసుల భాగస్వామ్యంతో జరిగే కోకాన్ మన దేశంలో పెద్దవి. యూసెనిక్స్ సెక్యూరిటీ వంటివి వేరే జాతి. అక్కడ ప్రసంగ ప్రతిపాదన పనికిరాదు, పూర్తి పరిశోధనా పత్రమే పంపాలి.

సభ మీకు సరిపోతుందో లేదో చూసుకోవడానికి గత రెండేళ్ల పట్టికలో మీ అంశానికి దగ్గరగా ఉన్న ప్రసంగాలను వెతకండి. ఒక్కటీ లేకపోతే అది మీ సభ కాకపోవచ్చు. అచ్చం మీ అంశమే నిరుడు వచ్చి ఉంటే, దానికన్నా మీ పని ఏ విషయంలో ముందుకు వెళ్లిందో ప్రతిపాదనలో ఒక వాక్యం తప్పక రాయాలి; ఆ సంగతి సమీక్షకులకు ఎలాగూ గుర్తుంటుంది.

2. ఫలితాన్ని ఒక్క వాక్యంలో రాయండి

మరే పనీ చేయకముందు ఈ వాక్యం రాయాలి. “నకిలీ వెబ్‌సైట్ల గురించి మాట్లాడతాను” అనేది అంశం మాత్రమే. “నకిలీ దర్శనం సైట్లను మొదటి భక్తుడు మోసపోకముందే బహిరంగ సర్టిఫికెట్ చిట్టాల నుంచి గుర్తించవచ్చు” అనేది ఫలితం. తేడా తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష చాలు: మీ వాక్యాన్ని ఎవరైనా “అది నిజం కాదు” అని కాదనగలగాలి. కాదనడానికి వీలులేని వాక్యంలో కొత్త సంగతి ఉండదు.

ఫలితం లేకపోయినా ప్రతిపాదించదగిన పనులున్నాయి. ఒక పద్ధతి ఎందుకు పనిచేయలేదో, ఒక సంస్థలో దాడి జరిగినప్పుడు ఏ వరుసలో స్పందించారో నిజాయితీగా చెప్పే ప్రసంగాలను చాలా సభలు ఇష్టపడతాయి. మీరు ఇంకా చేయబోయే పనిని మాత్రం చేసినట్టు రాయకండి. సదస్సు నాటికి పూర్తవుతుందిలే అనుకుని పంపినవారు ఆఖరి వారంలో పడే అవస్థ దగ్గరుండి చూశాను.

3. చట్టం, అనుమతి, ముందస్తు సమాచారం

ఈ అంచెను దాటవేసినవారికి తిరస్కరణ ఒక్కటే కాదు, ఇంకా పెద్ద చిక్కులు రావచ్చు. అనుమతి లేకుండా ఇతరుల కంప్యూటర్ వ్యవస్థలోకి ప్రవేశిస్తే 2000 నాటి ఐటీ చట్టం 43వ సెక్షన్ కింద నష్టపరిహారం కట్టవలసి రావచ్చు. అదే పనిని దురుద్దేశంతో చేశారని తేలితే 66వ సెక్షన్ కింద 3 ఏళ్ల దాకా జైలు, 5 లక్షల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ప్రభుత్వం రక్షిత వ్యవస్థలుగా ప్రకటించినవాటి జోలికి వెళితే 70వ సెక్షన్ కింద శిక్ష 10 ఏళ్ల దాకా ఉంటుంది. మంచి ఉద్దేశంతోనే పరీక్షించానన్న మాట అనుమతి పత్రానికి సాటిరాదు.

మన ఉదాహరణలో విద్యార్థిని బహిరంగ చిట్టాలను మాత్రమే చదివింది కాబట్టి ఇబ్బంది లేదు. అయితే నకిలీ సైటు మోసగాళ్లదే కదా అని దాని అడ్మిన్ పేజీలోకి చొరబడాలన్న ఉబలాటం కలుగుతుంది. దొంగ ఇంటికి వేసినా కన్నం కన్నమే. ఆ సైటులో మోసపోయిన భక్తుల పేర్లు, ఫోన్ నంబర్లు బయటికి కనిపిస్తున్నా వాటిని దించుకోకూడదు, స్లైడ్లలో చూపకూడదు. కనిపించిన సంగతిని మాత్రం ఫిర్యాదులో రాయాలి.

మీ పని ఒక ఉత్పత్తిలో లోపం కనుక్కోవడమైతే, ముందుగా దాని తయారీదారుకు తెలియజేయాలి. వారు పలకకపోతే కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్‌ఇన్‌కు రాయవచ్చు. తెలియజేసిన నాటి నుంచి వివరాలు బయటపెట్టే దాకా ఎంత గడువు ఇవ్వాలన్నదానికి ఒకే నియమం లేదు: లోపాలు వెతికే గూగుల్ బృందం ప్రాజెక్ట్ జీరో 90 రోజుల గడువును పాటిస్తుంది, లోపాల సమాచారాన్ని తయారీదారులకు చేరవేసే అమెరికా కేంద్రం సెర్ట్‌సీసీ 45 రోజులంటుంది. మీరు ఏది పాటించినా, ఏ తేదీన చెప్పారు, ఏ జవాబు వచ్చింది, సదస్సు నాటికి సవరణ వస్తుందా అన్న మూడు సంగతులనూ ప్రతిపాదనలో తేదీలతో రాయండి. నకిలీ సైట్ల విషయంలోనైతే డొమైన్ నమోదు చేసిన సంస్థకు, జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌కు ఎప్పుడు ఫిర్యాదు చేశారో రాయాలి. డబ్బు పోగొట్టుకున్నవారు ఎదురైతే ముందు 1930కి ఫోన్ చేయించండి. ప్రతిపాదన సంగతి తర్వాత.

4. ఏ రూపంలో మాట్లాడతారో తేల్చుకోండి

అరగంట నుంచి ముప్పావుగంట దాకా ఉండే ప్రసంగమే అందరికీ తెలిసిన రూపం. చెప్పవలసింది ఒక్క కిటుకే అయితే ఐదు పది నిమిషాల మెరుపు ప్రసంగం అడగండి. అది చిన్నతనం కాదు, పైగా ఎంపికయ్యే అవకాశం ఎక్కువ. చెప్పేది మీరు రాసిన ప్రోగ్రాము గురించే అయితే సాధనాల ప్రదర్శనకు వేరే విభాగం ఉందేమో చూడండి. బ్లాక్ హ్యాట్‌లో దాన్ని ఆర్సెనల్ అంటారు. వర్క్‌షాప్ ప్రతిపాదిస్తే పాల్గొనేవారి ల్యాప్‌టాప్‌లో ఏముండాలో, ఎంతమందికి చాలుతుందో, ఇంటర్నెట్ లేకపోతే ఎలా నడుపుతారో కూడా రాయాలి. చర్చా గోష్ఠిని ప్రతిపాదించేవారు మిగతా వక్తల అంగీకారం ముందే తీసుకోవాలి. “ప్రముఖులను పిలుస్తాం” అని రాస్తే ఎవరూ నమ్మరు.

5. సారాంశం రాయండి

ప్రతిపాదనకు గుండెకాయ ఇదే కాబట్టి మీ సమయంలో సగం దీనికే కేటాయించండి. చాలా సభలు ఆంగ్లంలోనే అడుగుతాయి. అయినా ముందు తెలుగులో రాసుకోమనే చెబుతాను: మనకు అర్థం కానిదాన్ని ఆంగ్లంలో పెద్ద మాటల వెనుక దాచవచ్చు గానీ, తెలుగులో రాస్తే అది వెంటనే బయటపడుతుంది.

మొదట, ఇలా రాయకూడదు:

“ఈ డిజిటల్ యుగంలో సైబర్ నేరాలు రోజురోజుకూ పెరిగిపోతున్నాయి. భక్తుల విశ్వాసాన్ని ఆసరాగా చేసుకుని మోసగాళ్లు రెచ్చిపోతున్నారు. మా వినూత్న పద్ధతి ఈ మోసాలను ఎలా అరికడుతుందో, దాని వెనుక ఉన్న ఆశ్చర్యకరమైన రహస్యమేమిటో ఈ ప్రసంగంలో వెల్లడిస్తాం.”

మొదటి రెండు వాక్యాలు సమీక్షకుడికి ముందే తెలుసు. మూడోదానిలో ఉండవలసిన విషయమే లేదు. ఇప్పుడు దాన్నే ఇలా మార్చి చూడండి:

“దర్శనం, గదుల పేరుతో భక్తులను మోసగించే వెబ్‌సైట్లను, అవి సర్టిఫికెట్ తీసుకున్న రోజే బహిరంగ చిట్టాల నుంచి గుర్తించవచ్చు. ఆ చిట్టాలను ____ రోజులు గమనించి, ఆలయానికి సంబంధించిన పదాలో వాటి తప్పు స్పెల్లింగులో ఉన్న ____ పేర్లను వేరుచేశాం. చేత్తో పరిశీలించగా వాటిలో ____ మోసపు సైట్లనీ, ____ ట్రావెల్స్ వారివీ భక్తి సమాచారానివీ అనీ తేలింది. వైల్డ్‌కార్డ్ సర్టిఫికెట్ (ఒక డొమైన్ కింది ఉప పేర్లన్నిటికీ ఒకటే చెల్లేది) వెనుక దాగిన పేర్లు, హ్యాక్ అయిన మరో సైటు లోపలి పేజీలు, వాట్సాప్‌లోనే నడిచే మోసాలు ఈ పద్ధతికి చిక్కవు. విన్నవారు తమ ఊరి ఆలయానికో బ్యాంకుకో ఇదే పని చేసుకోవడానికి మా ప్రోగ్రామును, పదాల జాబితా తయారుచేసే విధానాన్ని అందిస్తాం.”

ఖాళీలు వదిలింది మీ లెక్కలు అక్కడ ఉండాలనే. లెక్క చిన్నదైనా సిగ్గుపడనక్కరలేదు; పదిహేను రోజుల గమనికను పదిహేను రోజులనే రాయండి. ఈ నమూనాలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేవి రెండు చోట్లు: అనుమానించినవాటిలో అమాయకమైనవి ఎన్నో చెప్పిన వాక్యం, పద్ధతికి చిక్కనివి ఏవో చెప్పిన వాక్యం. ఇవి రాసినవాడు నిజంగా పని చేశాడని సమీక్షకుడు గ్రహిస్తాడు. తన పద్ధతికి లోపమే లేదని రాసేవాడు దాన్ని సరిగా పరీక్షించలేదన్నమాట.

తరచుగా కనిపించే మరికొన్ని తప్పులు చెబుతాను. కంపెనీ ఉత్పత్తిని పొగిడే ప్రతిపాదనను సమీక్షకులు రెండో పేరాలోనే పసిగడతారు. ఉత్పత్తి పేరు తీసేస్తే ఏమీ మిగలకపోతే అది ప్రకటన. కృత్రిమ మేధ, బ్లాక్‌చెయిన్ వంటి మాటలను పనిలో లేకపోయినా చొప్పించడం మరో తప్పు. ఇతరుల పని మీద ఆధారపడి ఉంటే ఆ సంగతి చెప్పకపోవడం ఇంకా పెద్ద తప్పు. సర్టిఫికెట్ చిట్టాలతో నకిలీ సైట్లను పట్టే ఆలోచన కొత్తదేమీ కాదు కాబట్టి, మన విద్యార్థిని ఆ మాట ఒప్పుకుని, తెలుగు, తమిళ, హిందీ పేర్లను ఆంగ్ల అక్షరాల్లో రాసే రకరకాల తీరులను పట్టుకోవడమే తాను కొత్తగా చేసిందని రాయాలి.

6. నిమిషాల వారీగా రూపురేఖ ఇవ్వండి

కొన్ని సభలు అడగకపోయినా ఇది జతచేయండి. 30 నిమిషాల ప్రసంగానికి ఇలా ఉండవచ్చు: ఒక నకిలీ సైటు ఎలా ఉంటుందో చూపడం 3 నిమిషాలు, చిట్టాలు ఎలా పనిచేస్తాయో 4, పేర్లను వేరుచేసిన పద్ధతి 8, ఫలితాలు, పొరపాట్లు 7, చిక్కనివి 3, ప్రశ్నలు 5. మొత్తం కూడి చూసుకోండి. మొత్తం తప్పిన రూపురేఖలు నాకు చాలాసార్లు కనిపించాయి. ఇంటర్నెట్ చరిత్రకో, సైబర్ నేరం అంటే ఏమిటో చెప్పడానికో మూడు నిమిషాలకు మించి కేటాయించారంటే వెంటనే కోసేయండి. ప్రత్యక్ష ప్రదర్శన ఉంటే, దాని వీడియో రికార్డింగు కూడా సిద్ధంగా ఉందని ఒక మాట రాయండి. నకిలీ సైట్లు ఒక్క పూటలో మాయమవుతాయి, సభాస్థలి వైఫైని ఎవరూ నమ్మలేరు.

7. శీర్షిక, వక్త పరిచయం

శీర్షికను చివర్లో పెట్టండి. చమత్కారం ఉంటే మంచిదే కానీ, పట్టికలో శీర్షిక ఒక్కటే చూసినవారికి విషయం తెలియాలి. పరిచయం అరవై డెబ్బై మాటలు మించకూడదు. ఈ అంశం మీద మీరు చేసిన పని ముందు, చదువు, ఉద్యోగం తర్వాత రావాలి. ఇదివరకు ఎక్కడా మాట్లాడలేదా? ఆ మాటే రాయండి. కొన్ని సభలు తొలి వక్తలకు అనుభవజ్ఞుల సాయం ఏర్పాటు చేస్తాయి.

8. పంపే ముందు సరిచూసుకోండి

రంగం తెలియని మిత్రుడికి సారాంశం ఇచ్చి, రెండు నిమిషాల తర్వాత కాగితం తీసేసుకుని మూడు ప్రశ్నలు అడగండి: వీళ్లు ఏం కనుక్కున్నారు? ఎలా కనుక్కున్నారు? విన్నవారికి ఏం దక్కుతుంది? మొదటిదానికి జవాబు రాకపోతే రెండో అంచెకు తిరిగి వెళ్లండి. “బాగుందిరా” అన్న జవాబును లెక్కలోకి తీసుకోకండి. మన ఊళ్లో ఎవరూ ముఖం మీద బాగాలేదనరు. రంగం తెలిసిన మిత్రుడిని మాత్రం ఇందులో నమ్మలేని వాక్యం ఏదో చూపమని అడగండి. ప్రతి అంకె పక్కనా దాని ఆధారమైన ఫైలు పేరు మీ సొంత ప్రతిలో రాసుకోండి. ఫైలు దొరకని అంకెను కొట్టేయండి.

9. పంపడం

సీఎఫ్‌పీలో గడువు ఏ కాలమానంలో ఉందో చూసుకోండి. యూటీసీ (అంతర్జాతీయ ప్రామాణిక కాలమానం) ప్రకారం రాత్రి 11:59 అంటే మనకు మరునాడు తెల్లవారుజామున 5:29. ఏఓఈ అని ఉంటే, భూమ్మీద ఎక్కడో ఒకచోట ఆ రోజు ఇంకా మిగిలి ఉన్నంతవరకు అని అర్థం. మనకు అది మరునాడు సాయంత్రం 5:29 దాకా వస్తుంది. ఈ వెసులుబాటును నమ్ముకుని కూర్చోకుండా రెండు రోజుల ముందే పంపండి. ప్రతిపాదనలను ఆన్‌లైన్‌లో స్వీకరించే ప్రీటాక్స్ వంటి వ్యవస్థల్లో గడువు లోపల మార్చుకునే వీలు సాధారణంగా ఉంటుంది.

వక్తల పేర్లు దాచి సమీక్షించే సభ అయితే సారాంశంలో మీ పేరు, కళాశాల పేరు రాకూడదు. చాలామంది వాటిని తీసేసి, పీడీఎఫ్ ఫైలు లక్షణాల్లోనో గిట్‌హబ్ లింకులోనో వదిలేస్తారు. “తిరుపతిలోని మా సంస్థ” అన్న మూడు మాటలు కూడా గుట్టు విప్పేయగలవు.

సమీక్షకులకు మాత్రమే కనిపించే గడి ఒకటి ఉంటుంది. బహిరంగ సారాంశంలో పెట్టకూడని సాంకేతిక వివరాలు, ఆధారాల లింకు, అనుమతి పత్రం సంగతి అక్కడ రాయాలి. దాన్ని ఖాళీగా వదలడం చేతికందిన అవకాశాన్ని జారవిడుచుకోవడమే.

10. జవాబు వచ్చాక

తిరస్కరిస్తే, సమీక్షకుల అభిప్రాయాలు పంపగలరా అని మర్యాదగా ఒక్కసారి అడగండి, వాదించకండి. వచ్చిన అభిప్రాయాల్లో రెండింటికి మించి ఒకే మాట కనిపిస్తే దాన్ని సరిచేసి, ఇంకో సభకు పంపండి. ఒకే ప్రతిపాదనను రెండు మూడు ప్రసంగ సభలకు పంపడం సాధారణంగా తప్పు కాదు కానీ, కొన్ని సభలు తమ వద్దే మొదట వినిపించాలని షరతు పెడతాయి. పరిశోధనా పత్రాల సభలు ఏకకాలంలో రెండు చోట్లకు పంపడాన్ని ఒప్పుకోవు.

అంగీకరిస్తే, ప్రయాణం, బస ఖర్చు ఎవరు భరిస్తారో టికెట్టు కొనకముందే రాతపూర్వకంగా తెలుసుకోండి. చిన్న సభలు ప్రవేశం ఉచితంగా ఇచ్చి ఊరుకుంటాయి. విదేశీ సభ అయితే వీసా కోసం ఆహ్వాన పత్రం అదే రోజు అడగండి. స్లైడ్లు పూర్తయ్యాక మీరు పంపిన ప్రతిపాదనను పక్కన పెట్టుకుని వాక్యం వాక్యం పోల్చండి. అందులో మాట ఇచ్చి స్లైడ్లలో లేనిది ఏదైనా ఉంటే చేర్చండి, చేర్చలేకపోతే పట్టిక అచ్చుకు వెళ్లేలోగా నిర్వాహకులకు తెలియజేసి సారాంశాన్ని మార్పించుకోండి.